నంబరు లేని యుద్ధం ఫోటోని గోడకెక్కించకండి

యుద్ధకాలపు ఫోటోకి నకలు ప్రింటు కొనాల్సి వస్తే నేను ధర కంటే ముందు మూడు సంగతులు అడుగుతాను. అసలు ఫోటో ఏ ఆర్కైవ్‌లో, అంటే పాత పత్రాలూ ఫోటోలూ భద్రపరిచే ఏ చోట ఉంది? దాని నెగెటివ్ నంబరెంత? అక్కడ దాని కింద ఏం రాసి ఉంది? వీటికి జవాబు లేని ప్రింటు ఎంత ముచ్చటగా ఉన్నా కొనను. మీరూ కొనొద్దని అడగడానికే ఈ వ్యాసం.

మా శ్రీకాకుళంలో ఈ మాటంటే కొందరు విసుక్కుంటారు. గోడకి తగిలించుకునే పటానికి ఇంత ఆరా ఎందుకంటారు. మా జిల్లాలోనే ఈ ఆరా మరీ అవసరమని నా నమ్మకం. సైన్యానికి మనిషిని పంపని ఊరు ఇక్కడ వెతుక్కోవాలి. ఆ ఇళ్ళలో యుద్ధం ఫోటో అలంకారం కాదు, ఇంటి మనిషి గురించిన సాక్ష్యం.

మా మండలంలో మాజీ సైనికులు తలో చెయ్యీ వేసి ఒక హాలు కట్టుకున్నారు. గోడలకు పాత యుద్ధాల ఫోటోలు పెట్టాలనుకుని, సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కదా అని ఎంపిక నాకు అప్పగించారు. వాళ్ళలో ఒకాయన అప్పటికే ఆన్‌లైన్‌లో ఒక సెట్టు చూసి ఉంచారు. అన్నిటికీ రంగులద్దారు. అంచులు కాలిన కాగితంలా కనిపించేలా డిజైను చేశారు. కింద శౌర్యం గురించి ఇంగ్లీషులో ఒక నినాదం. ఏ యుద్ధమో, ఏ సంవత్సరమో, తీసినదెవరో దేనిమీదా లేదు. ఒకదాంట్లో ఉన్నవాళ్ళు మన సైనికులు కూడా కాదు, హెల్మెట్లు చూస్తే అమెరికన్లని తెలిసిపోతోంది. కార్గిల్ దాకా వెళ్ళొచ్చిన మనుషులు కట్టుకున్న హాల్లో అవి పెట్టడానికి నా మనసు ఒప్పలేదు.

వాళ్ళు ముందుగా అడిగింది 1971 డిసెంబరు 16న ఢాకాలో జరిగిన పాకిస్తాన్ సైన్యపు లొంగుబాటు ఫోటో. బల్ల దగ్గర కూర్చుని పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం పెడుతున్నాడు, పక్కన మన జనరల్ అరోరా చూస్తున్నాడు. దేశంలో చదువుకున్న ప్రతి మనిషీ ఒక్కసారైనా చూసిన ఫోటో ఇది. అయితే బజార్లో దొరికే ప్రింట్లలో చాలావాటిని బల్ల చుట్టూ బిగించి కత్తిరించేస్తారు. ఇద్దరు జనరళ్ళు పెద్దగా కనబడతారు, వెనక నిలబడ్డవాళ్ళు సగం తలలతోనో భుజాలతోనో మిగులుతారు. పూర్తి ఫోటోలో వెనక వరసలో ఎడమ చివర నిలబడింది వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన పక్కన ఎయిర్ మార్షల్ దేవన్, తర్వాత లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్, మేజర్ జనరల్ జాకబ్. కుడివైపు మైకు పట్టుకుని ఆకాశవాణికి చెందిన సురోజిత్ సేన్.

కృష్ణన్ ఎవరు? తూర్పు నౌకాదళానికి అధిపతి. ఆ యుద్ధాన్ని ఆయన నడిపింది మన విశాఖపట్నం నుంచే. డిసెంబరు 3 రాత్రి తెల్లవారితే 4 అనగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట సముద్రంలో మునిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువును నమ్మించి, ఆ ఓడను దూరంగా అండమాన్ వైపు పంపిన ఎత్తుగడా ఆయనదే. బీచ్ రోడ్డు మీది విజయ స్తంభం దగ్గర ఫోటోలు దిగని ఉత్తరాంధ్ర కుటుంబం అరుదు. అలాంటిది, ఢాకాలో ఆ బల్ల వెనక విశాఖ తరఫున నిలబడ్డ ఒకే ఒక్క మనిషిని కత్తెర తీసేస్తే మనం గమనించం, డబ్బిచ్చి మరీ కొనుక్కుంటాం. ఎడమ పక్క రెండంగుళాలు పోతే ఏమైంది అన్నవాళ్ళకి నేను కృష్ణన్ పేరు చెబుతాను. మా హాలు వాళ్ళలో నేవీలో పనిచేసిన ఒక పెద్దాయన పూర్తి ఫోటో చూసి, ఇన్నేళ్ళూ తాను చూసింది సగమేనా అని చాలాసేపు మాట్లాడలేదు.

కత్తిరింపు ఒక ఎత్తు. అసలు ఫోటోకే రెండు రూపాలు ఉండడం ఇంకో ఎత్తు. బెర్లిన్‌లో రైహ్‌స్టాగ్ భవనం మీద సోవియట్ సైనికులు ఎర్రజెండా ఎగరేస్తున్న ఫోటోని యెవ్‌గెనీ ఖాల్దేయ్ 1945 మే 2న తీశాడు. జెండా పట్టుకున్నవాణ్ణి కింద నుంచి ఆపుతున్న అధికారి రెండు చేతులకీ గడియారాలున్నాయి. దోచుకున్న సరుకని లోకం అనుకుంటుందని ఒక గడియారాన్ని నెగెటివ్ మీదే గీకేశారు. వెనక పొగ చాలలేదని మరో నెగెటివ్ నుంచి పొగ తెచ్చి కలిపారు. ఇప్పుడు రెండు రూపాలూ చలామణీలో ఉన్నాయి. పొగ దట్టంగా ఉన్నది చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ఎక్కువ అమ్ముడయ్యేదీ అదే. అది కొనకూడదని నేననను. ఏది కొంటున్నామో తెలిసి కొనాలంటాను. ఆ మార్పు ఎందుకు చేశారో పటం కింద రెండు వాక్యాలు రాసిపెడితే, సైనికుడి గురించీ ప్రభుత్వం గురించీ పిల్లలకి ఒక పూట పాఠం చెప్పొచ్చు.

యుద్ధం ఫోటో పుట్టిన తొలినాళ్ళ నుంచీ ఈ తంటా ఉంది. క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ 1855లో తీసిన లోయ ఫోటో రెండు ఉన్నాయి, ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు దారి మీద పరచుకుని ఉంటాయి, ఇంకోదాంట్లో దారి ఖాళీగా ఉంటుంది. మన దేశంలోనే చూడండి. 1857 నవంబరులో లక్నో సికందర్ బాగ్‌లో తిరుగుబాటు సిపాయిలు దాదాపు రెండు వేల మంది చచ్చిపోయారు. ఫెలీచే బియాటో అనే ఫోటోగ్రాఫర్ అక్కడికి చేరింది నెలల తర్వాత, 1858లో. అయినా అతని ఫోటోలో పుర్రెలూ ఎముకలూ ఆవరణ నిండా పరచుకుని ఉంటాయి. ఫోటో కోసం వాటిని అలా అమర్చారని చరిత్రకారులు చెబుతారు. ఈ ఫోటోకి కూడా నకలు ప్రింట్లు అమ్ముతున్నారు, ‘పాతకాలపు భారతం’ పేరుతో హోటళ్ళ గోడల మీద కూడా కనిపిస్తుంది. దీనిమీద నా అభిప్రాయం కటువైనదే. పేరు లేని మన సిపాయిల ఎముకలు, దహనమో ఖననమో కూడా దక్కనివాళ్ళవి, భోజనం చేసే చోట వేలాడదీయకూడదు. మ్యూజియంలో వివరణతో ఉండాలి, పుస్తకంలో ఉండాలి. గోడకి మాత్రం వద్దు.

ఇక బర్మా సంగతి. నేను ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

మా వైపు ముసలివాళ్ళకి బర్మాలోని రంగూన్ పరాయి ఊరు కాదు, దాన్ని రంగం అనేవాళ్ళు. రంగం వెళ్ళడమంటే పొట్ట చేతపట్టుకుని వెళ్ళడం. రేవుల్లో మూటలు మోసినవాళ్ళూ బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళూ ఎంతోమంది తెలుగువాళ్ళు, అందులో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల వాళ్ళు మరీ ఎక్కువ. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా ఈ తెలుగు కూలీలే. అప్పట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకనివాళ్ళు నడిచారు. ప్రోమ్ దాకా వెళ్ళి అక్కడి నుంచి అరకాన్ కొండలు దాటి సముద్రతీరానికి కొందరు, మాండలే మీదుగా మణిపూర్, అస్సాం వైపు మరికొందరు. మొత్తం అయిదు లక్షల దాకా వచ్చేశారని అంచనా. కలరాకీ ఆకలికీ అలసటకీ దారిలో రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ ఏప్రిల్ 6నే జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద కూడా బాంబులు వేశాయి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, మనమంతా విశాఖపట్నం జిల్లా కిందే. అంటే బర్మా నుంచి యుద్ధాన్ని తప్పించుకుని ఇల్లు చేరినవాళ్ళకి ఇక్కడా యుద్ధమే ఎదురొచ్చింది.

మా నాయనమ్మ అన్నగారు రంగం వెళ్ళి రాలేదు. ఇంట్లో ఆయన ఫోటో లేదు. ఆ కాలంలో కూలీకి ఫోటో ఎవరు తీస్తారు? ఇలాంటి ఇళ్ళు మా ఊళ్ళోనే ఎన్నో ఉన్నాయి. ఆ మనుషుల ఆనవాలు ఏదైనా మిగిలి ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోల్లోనే. లండన్‌లో 1917లో పుట్టిన ఇంపీరియల్ వార్ మ్యూజియంలో కోటికి పైగా ఫోటోలున్నాయి. బర్మా యుద్ధానికి సంబంధించినవి అక్కడ వేరువేరు వరసల్లో ఉంటాయి, ఐఎన్‌డి, ఎస్‌ఇ వంటి అక్షరాలతో మొదలయ్యే నంబర్లతో. 1942 జనవరిలో భారతీయ శరణార్థులు ప్రోమ్ రోడ్డు మీద నడుస్తున్న ఫోటో ఒకటి చాలా చోట్ల అచ్చయింది. ఆ నడుస్తున్నవాళ్ళలో మన శ్రీకాకుళం మనిషి ఒకడున్నాడని నేను చెప్పలేను. లేడని ఎవరూ చెప్పలేరు. హాలు గోడకి నేను మొదట ఖాయం చేసింది ఆ ఫోటోనే. సైనికుల హాల్లో కూలీల ఫోటో ఏమిటన్న ప్రశ్న వచ్చింది. యుద్ధంలో నడిచింది సైనికులొక్కరే కాదని చెప్పాను, ఒప్పుకున్నారు.

ప్రింటు తీయించడానికి ఊళ్ళో స్టూడియోకి వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాడు మంచి మనసుతోనే అడిగాడు, “మాస్టారూ, మొకాలు మసగ్గా ఉన్నాయి, సాఫ్ట్‌వేర్లో ఎట్టీసి తేట సేసీమంటారా?” అని. చూపించమన్నాను. ఒక్క నిమిషంలో చేసి చూపించాడు. నడిచే జనంలో ప్రతి ముఖానికీ కళ్ళూ ముక్కూ పెదాలూ స్పష్టంగా వచ్చేశాయి. నాకు ఒళ్ళు జలదరించింది. అసలు నెగెటివ్‌లో ఆ ముఖం నాలుగు గ్రెయిన్ చుక్కలంత. ఆ చుక్కల్లో లేని సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? యంత్రం ఇప్పటిదాకా చూసిన లక్షల ముఖాల నుంచి ఒక కొత్త ముఖం అల్లి అక్కడ అతికించింది. ఆ దారిలో నడిచిన మనిషి ముఖం చెరిపేసి, ఎన్నడూ పుట్టని మనిషి ముఖం పెట్టింది. రేపు ఎవరి మనవడో ఆ పటం ముందు నిలబడి మా తాత పోలికలున్నాయి అనుకుంటే, ఆ పోలిక యంత్రం పుట్టించిందే అవుతుంది. మసకగానే ఉంచమన్నాను. ఎందుకో చెబితే ఆ కుర్రాడికి వెంటనే అర్థమైంది. ఆ తర్వాత గీతలూ దుమ్ము మచ్చలూ కూడా నన్నడగకుండా ముట్టుకోలేదు.

రంగులద్దడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. నలుపు తెలుపైతే పిల్లలు చూడరని వాదిస్తారు. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలతో గడిపినవాణ్ణి. నలుపు తెలుపు ఫోటో ముందు నిలబెట్టి, ఈమె నెత్తిమీది మూటలో ఏముంటుందో చెప్పండి అని అడిగితే పిల్లలు పీరియడ్ అయిపోయినా కదలరు. చీర ఏ రంగుదో తెలియని చోట యంత్రం వేసిన గులాబీ రంగు చూపిస్తే, ఆ ప్రశ్న అడిగే హక్కు మాస్టారికే పోతుంది.

ఇక క్యాప్షన్. ఆర్కైవ్‌లో ఫోటో కింద ఉన్న అసలు రాతని మార్చకుండా తీసుకోవాలంటాను గానీ, అందులో ఉన్నదంతా వేదవాక్కు అని కాదు. ఆ రాతలు రాసింది యుద్ధకాలపు ప్రచార శాఖల వాళ్ళు. సెన్సారు ముద్రలు పడిన రాతలవి. బర్మా ఫోటోల్లో బ్రిటిష్ అధికారికి పేరూ హోదా ఉంటాయి, పక్కనున్న మనవాళ్ళు చాలాసార్లు ఊరికే ‘భారతీయ సైనికులు’గా మిగిలిపోతారు. 1944 డిసెంబరులో బర్మాలో కలేవా దగ్గర చింద్విన్ నది మీద వెయ్యి అడుగులకు పైగా పొడవున్న బెయిలీ వంతెన, అంటే ముందే తయారైన ఇనుప భాగాలు బిగించి వేసే వంతెన, వేశారు. ఆ రోజుల్లో అంత పొడవు బెయిలీ వంతెన ఇంకెక్కడా లేదు. దాని మీదుగా పోతున్న లారీల ఫోటోలు చూస్తాం, రాత్రింబగళ్ళు నీళ్ళలో నిలబడి ఆ పని చేసిన సాపర్ల (సైన్యంలోని ఇంజనీరింగ్ జవాన్ల) పేర్లు ఎక్కడా చూడం. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యం 25 లక్షలు. చనిపోయినవాళ్ళు 87 వేలకు పైనే. ఇంతమందిలో ఫోటో కింద పేరు దక్కినవాళ్ళెందరు? అందుకని అసలు క్యాప్షన్‌ని అలాగే ఉంచి, దాని కింద మనకు తెలిసింది వేరే రంగు సిరాతో తెలుగులో రాయాలి. వాళ్ళ రాతా మన రాతా కలగాపులగం కాకూడదు. ఏది 1944 నాటిదో, ఏది మనం చేర్చిందో చూసేవాడికి తెలియాలి.

డబ్బు విషయం చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 1957 జూన్ 1కి ముందు బ్రిటిష్ ప్రభుత్వం తరఫున తీసిన ఫోటోల మీద క్రౌన్ కాపీరైట్, అంటే ఆ ప్రభుత్వపు హక్కు, 50 ఏళ్ళకే తీరిపోయింది. అమెరికా ప్రభుత్వోద్యోగులు డ్యూటీలో తీసిన ఫోటోల మీద ఆ దేశంలో అసలు కాపీరైటే ఉండదు. కనక ఆర్కైవ్‌కి మనం కట్టేది బొమ్మ ఖరీదు కాదు, నెగెటివ్‌ని వందేళ్ళు చల్లని గదిలో కాపాడి, మంచి స్కాన్ చేసి, సరైన కాగితం మీద ముద్రించినందుకు కూలి. అది న్యాయమైన కూలి. అన్నీ ఇలా ఉచితం కాదు. జపాన్ దీవి ఇవో జిమాలో 1945 ఫిబ్రవరి 23న అమెరికా జెండా ఫోటోని జో రోసెంతాల్ తీసింది అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ కోసం, ప్రభుత్వం కోసం కాదు. (ఆ జెండా పట్టుకున్న ఆరుగురిలో ఎవరెవరన్నది అమెరికా మెరీన్ దళం 2016లో ఒకసారి, 2019లో మరోసారి సరిదిద్దింది. డెబ్బయ్యేళ్ళ తర్వాత కూడా పేరు సరిచేసుకునే ఓపిక మనకూ రావాలి.) మన దేశంలో ప్రభుత్వ ప్రచురణలకి 60 ఏళ్ళు హక్కుంటుంది. 1971లో అచ్చయిన ప్రభుత్వ ఫోటో 2031 చివరికి గానీ అందరిదీ కాదు, అందాకా అడిగి తీసుకోవాలి.

నంబరు లేకుండా చవగ్గా అమ్మేవాళ్ళు ఆ ఫోటో ఎక్కడి నుంచి తెస్తారు? ఇంటర్నెట్‌లో కనిపించిన చిన్న ఫైలు నుంచి, లేదా పాత పుస్తకంలో అచ్చయిన పేజీ నుంచి. 12 బై 18 అంగుళాల ప్రింటు అంగుళానికి 300 చుక్కల లెక్కన సరిగ్గా రావాలంటే ఫైలు 3600 బై 5400 పిక్సెళ్ళుండాలి. 800 పిక్సెళ్ళ వెడల్పున్న బొమ్మని అంత చేస్తే అంగుళానికి 67 కూడా దక్కవు. పుస్తకం నుంచి తీసినదైతే కంసాలి భూతద్దం పెట్టి చూడండి, బారులు తీరిన అచ్చు చుక్కలు కనిపిస్తాయి. నెగెటివ్ నుంచి వచ్చినదాంట్లో చుక్కలు వరసలో ఉండవు, ఇసుక చల్లినట్టు చెదిరి ఉంటాయి. ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే సగం మోసాలు దొరికిపోతాయి.

పటం కట్టించేటప్పుడు మన తీరం గాలిని గుర్తుపెట్టుకోవాలి. లామినేషన్ చేయించొద్దు, రెండు వర్షాకాలాలకి బుడగలొస్తాయి. ప్రింటు గాజుకి నేరుగా తగలకూడదు, తేమకి అతుక్కుపోతుంది, మధ్యలో ఆమ్లం లేని మౌంటు అట్ట ఉండాలి. డై సిరా (కరిగిన రంగు) కంటే పిగ్మెంట్ సిరా (పొడి రంగు) ఎక్కువ కాలం నిలుస్తుంది. పడమటి ఎండ పడే గోడ వద్దు.

హాల్లో పటాలు తక్కువే పెట్టాం. ప్రతి దాని వెనక అట్ట మీద నంబరూ, ఆర్కైవ్ పేరూ, అసలు క్యాప్షనూ రాయించాను. ముందువైపు తెలుగు వివరం ఉంది. ఒక గోడ మాత్రం ఖాళీగా ఉంచమని కోరాను, అది మన ఇళ్ళలో దొరికే ఫోటోల కోసం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా రంగూన్ స్టూడియో ఫోటో గానీ, యూనిఫారంలో తాతగారి ఫోటో గానీ, యుద్ధకాలపు ఉత్తరం గానీ ఉంటే అసలుది ఎవరికీ ఇవ్వకండి. అంగుళానికి 600 చుక్కల లెక్కన రెండు వైపులా స్కాన్ చేయించండి. వెనకవైపు తప్పనిసరిగా చేయించండి, స్టూడియో ముద్ర, తారీఖు, సెన్సారు గుర్తు ఉండేది అక్కడే. ఫోటోలో ఎవరు ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే వాళ్ళ చేత చెప్పించి, పేర్లు వేరే కాగితం మీద రాసుకోండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో మాత్రం రాయకండి, మెత్తని పెన్సిలు వాడండి.